వెనక సీటు ముచ్చట్లు

చెల్లాయ్, మీ ఇంట్లో హెల్మెట్లు ఎన్ని ఉన్నాయి? ఎవర్ని అడిగినా 'ఒకటుందక్కా' అంటారు. గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూనో, బండి అద్దానికి తగిలించో ఉంటుంది. ఎవరిదని వేరే అడగక్కర్లేదు, ఆయనదే. హైవే ఎక్కేముందు పోలీసులున్నారేమోనని అటూ ఇటూ చూసి ఆయన నెత్తిన పెట్టుకుంటారు. వెనక నువ్వు ఒళ్ళో పిల్లాడితో, చేతిలో సంచితో, జడలో మల్లెచెండుతో కూర్చుంటావు. బండి ఒకటే, రోడ్డు ఒకటే, పడితే తగిలే తారు ఒకటే. కాపాడుకోవాల్సిన తల మాత్రం ఇంటికొకటేనా?

చట్టానికైతే ఈ తేడా లేదు. మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ ప్రకారం బండి మీదున్న వాళ్ళలో నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషికీ హెల్మెట్ ఉండాలి, ముందు కూర్చున్నా సరే, వెనక కూర్చున్నా సరే. 2019 సవరణ వచ్చాక లేకపోతే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు చెల్లదు. 2024లో మన హైకోర్టు హెల్మెట్ సంగతి పట్టించుకోవడం లేదేమని పోలీసుల్ని గట్టిగానే అడిగింది. ఆ తర్వాత రాజమండ్రిలోనూ కాకినాడలోనూ తనిఖీలు పెరిగాయి, హెల్మెట్లు కొన్నవాళ్ళూ పెరిగారు. కొన్నది మళ్ళీ ఒకటే, అదీ ముందు సీటుకే.

ఒక లెక్క చెబుతాను, కాస్త మనసు గట్టి చేసుకుని విను. 2022లో దేశం మొత్తం మీద హెల్మెట్ లేకుండా వెళ్తూ చనిపోయినవాళ్ళు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఉంది. అందులో 14,337 మంది బండి నడపలేదు. గేరు వేసింది, హారన్ కొట్టింది వాళ్ళు కాదు, వెనక కూర్చున్నారంతే. వాళ్ళంతా ఆడవాళ్ళేనని ఆ లెక్క చెప్పదు. కానీ మన ఊళ్ళలో వెనక సీట్లో ఎక్కువగా కనబడేది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

మనవాళ్ళు హెల్మెట్ వద్దనడానికి చెప్పే కారణాలన్నీ విన్నాను. ఉక్కపోస్తుందంటారు. నిజమే, మే నెలలో మన తీరం ఉక్కకి హెల్మెట్ లేకుండానే తల ఆవిరి పట్టినట్టుంటుంది. జుట్టు రాలిపోతుందంటారు. తడి జుట్టు మీద పెట్టుకోకుండా, లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటే సగం బాధ తీరుతుంది. పూలు నలిగిపోతాయంటారు. ఈ కారణం మీద నాకు జాలే గానీ కోపం లేదు. కడియపులంక పూల మార్కెట్ చుట్టుపక్కల పుట్టి పెరిగి తలలో పూలు లేకుండా గుమ్మం దాటమంటే ఎలా? అయితే ఒక పని చెయ్. పూలు ఆకులో చుట్టి సంచిలో పెట్టుకో, దిగాక తురుముకో. ముడి మాత్రం వద్దు. నెత్తిన ముడి ఉంటే హెల్మెట్ సరిగ్గా దిగదు, వెనక్కి జారి నుదురు బయటపెడుతుంది. జడ కిందికి వేసుకుంటే చాలు.

కొనేటప్పుడు ఆయన హెల్మెట్ సైజే నీకూ తెస్తానంటే ఊరుకోకు. కనుబొమలకి అంగుళం పైన తల చుట్టూ టేపు పెట్టి కొలుచుకో. ఆడవాళ్ళ తల చాలావరకు చిన్న సైజే. వదులు హెల్మెట్ పడే క్షణంలో ముందే ఎగిరిపోతుంది. గడ్డం కింద బెల్టు 'టిక్' మనేలా పెట్టుకోకపోయినా అంతే. 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేనివి అమ్మకూడదని నిబంధన వచ్చింది. అయినా రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే టోపీలు చూస్తూనే ఉన్నాం. పైన ప్లాస్టిక్ డొప్ప, లోపల పల్చటి స్పాంజి. అసలు పని చేసేది లోపలి మందపాటి థర్మకోల్ పొర. దెబ్బని అది నలిగి మింగుతుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనబడినా ఇక పనికిరాదు.

ఇదంతా కంపెనీల ప్రచారం అనేవాళ్ళున్నారు. 1935లో ఇంగ్లండులో లారెన్స్ ఆఫ్ అరేబియా అని పేరుపడ్డ సైన్యాధికారి మోటారు సైకిలు మీంచి పడి తలకి దెబ్బ తగిలి పోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. ఆ మరణం అతన్ని వదల్లేదు. యుద్ధకాలంలో బండ్ల మీద ఉత్తరాలు మోసే సైనికుల తల గాయాలన్నీ పరిశీలించి 1941లో హెల్మెట్ అవసరమని రాశాడు. ఆ తర్వాత దేశదేశాల్లో జరిగిన అధ్యయనాలు పదులకొద్దీ కలిపి 2008లో కొక్రేన్ సంస్థ సమీక్షిస్తే, హెల్మెట్ వల్ల తల గాయం ముప్పు 69 శాతం, ప్రాణం పోయే ముప్పు 42 శాతం తగ్గుతున్నట్టు తేలింది. అమ్మేవాళ్ళు చెప్పిన మాట కాదమ్మా ఇది.

సరే, ఇక కూర్చోవడం సంగతి. మనకి ఒక పక్కకి కూర్చోవడం అలవాటు. చీర కట్టుకుని అటో కాలు ఇటో కాలు ఎలా వేస్తాం అంటావు. ఇక్కడో చిత్రం చెప్తాను. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ ఇప్పుడున్న చట్టాలు 1988లోనే వచ్చాయి. డ్రైవరు కాక ఒక్కరే ఎక్కాలి, వెనక గట్టిగా బిగించిన సీటు మీదే కూర్చోవాలి అని రెండూ చెప్పాయి. వాళ్ళది మాత్రం రెండు కాళ్ళూ చెరోపక్క వేసి కూర్చోవాలని కూడా చెప్పింది. మన 128వ సెక్షన్‌లో ఆ మాట లేదు. ఇంకోవైపు, ఇండోనేషియాలో ఆచే ప్రాంతపు లొక్సూమావే పట్టణంలో 2013లో మేయరు ఆడవాళ్ళు చెరోపక్క కాళ్ళు వేసి కూర్చోకూడదని ఆంక్ష పెట్టాడు, మర్యాద కాదట. మన చట్టం ఆ గొడవలోకే పోలేదు, మన ఇష్టానికి వదిలేసింది.

ఇష్టానికి వదిలేశారు కాబట్టి మనమే ఆలోచించుకోవాలి. ఒక పక్కకి కూర్చుంటే నీ బరువంతా బండికి ఒకవైపే పడుతుంది. గొయ్యి వచ్చినప్పుడు కాళ్ళతో సీటుని అదిమిపట్టే వీలుండదు. సడన్ బ్రేకు వేస్తే పట్టుకోవడానికి ఒక చెయ్యే, ఇంకో చేతిలో ఎలాగూ సంచి ఉంటుంది. అందుకే స్పీడు బ్రేకర్ దగ్గర ఎగిరి వెనక్కి పడేది ఎక్కువగా ఇలా కూర్చున్నవాళ్ళే. పంజాబీ డ్రెస్సు వేసుకునే పిల్లలు హాయిగా చెరోపక్క కూర్చోవచ్చు, 'ఎవరేమనుకుంటారో' అన్న బెరుకు తప్ప అడ్డేమీ లేదు. నాట్లకి, కోతలకి వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, ఎవరి మాటా లెక్కచెయ్యకుండా చెరోపక్క కాళ్ళు వేసుకుని పోతుంటారు. వాళ్ళని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పెళ్ళికి పట్టుచీర కట్టినప్పుడు తప్పదనుకో, అప్పుడు వెనకున్న కడ్డీని ఒక చేత్తో గట్టిగా పట్టుకో, రెండో చెయ్యి ఆయన నడుం చుట్టూ వెయ్. సిగ్గు పడకమ్మాయ్, ఆయన మీ ఆయనే!

చీర కొంగు, చున్నీ చక్రంలో పడి లాగేసిన కథలు మన వైపు ప్రతి ఊళ్ళోనూ వింటాం. దీనికోసం నిబంధన ఉందని చాలామందికి తెలీదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది. వెనక మనిషి కూర్చునే ప్రతి బండికీ పట్టుకోవడానికి కడ్డీ, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలి. అదే మనం శారీ గార్డు అనేది. ఎవరో పెద్దలు కూర్చుని చీర కట్టిన మనిషిని తలచుకుని ఒక నియమం రాశారన్నమాట. షోరూమ్ నుంచి వచ్చేటప్పుడు అది ఉంటుంది. తర్వాత మన కుర్రాళ్ళు 'లుక్కు పోతోంది' అని మెకానిక్ దగ్గర పీకించేస్తారు. మీ బండికి ఉందో లేదో ఈ సాయంత్రం వంగి చూడు. లేకపోతే మళ్ళీ వేయించమని అడుగు. అది ఉన్నా సరే, ఎక్కే ముందు కొంగు ముందుకి తిప్పి నడుంలో దోపుకోవాలి, చున్నీ అయితే రెండు కొసలూ ముడేసుకోవాలి.

గొడుగు సంగతి మర్చిపోయేదాన్ని. మన జిల్లాల్లో ఎండకీ వానకీ బండి వెనక గొడుగు విప్పి కూర్చోవడం మామూలైపోయింది. చిన్న పిల్లాడికి ఎండ తగలకూడదని తల్లి ప్రేమే అది. కానీ వేగంలో గాలి దాని కిందకి దూరి మనిషిని వెనక్కి లాగేస్తుంది. రెండు చేతులూ గొడుగుని పట్టుకుంటాయి గానీ బండిని పట్టుకోవు. పైగా పక్కనుంచి లారీ వెళ్ళిన ఊపుకి గొడుగు తిరగబడి నడిపేవాడి మొహానికి అడ్డమొస్తుంది. పిల్లాడికి టోపీ పెట్టు, నువ్వు రెయిన్ కోటు వేసుకో. వాన మరీ ఎక్కువైతే ఏ బస్ షెల్టర్లోనో కాసేపు ఆగితే ఏం పోయింది?

ఇవన్నీ ఎక్కడి రోడ్లకైనా వర్తిస్తాయి. మన గోదావరి రోడ్లు మాత్రం వేరు, వాటి గురించి విడిగా చెప్పుకోవాలి. మనకి రోడ్డంటే చాలాచోట్ల కాలువ గట్టే. కాటన్ దొర ఆనకట్ట కట్టించి కాలువలు తవ్వించిన నాటి నుంచి ఆ గట్ల మీదే దారులు పడ్డాయి. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళే కెనాల్ రోడ్డే చూడు, కడియం, ద్వారపూడి, అనపర్తి దాకా పక్కన నీళ్ళు తోడుగా వస్తూనే ఉంటాయి. చూడ్డానికి ఎంత బాగుంటుందో! పక్కనే పిట్టగోడ మాత్రం అన్నిచోట్లా ఉండదు. ఎదురుగా బస్సు వస్తే మన బండి కాలువ వైపు ఒరగాలి. గట్టు అంచున మట్టి వానకి నాని మెత్తబడి ఉంటుంది. అలాంటిచోట ఆయన వేగంగా తప్పుకోవడం కాదు, ముందే ఆగి బస్సుకి దారివ్వడం మేలు. నీకు దూరంగా బస్సు కనబడగానే భుజం తట్టు. వెనక కూర్చున్న మనిషికి కూడా రెండు కళ్ళున్నాయి కదా, వాటిని వాడుకోనీ.

దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లోనూ, సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లోనూ సగం రోడ్డు ధాన్యానిది. రైతుకి కళ్ళం లేదు, తేమ శాతం తగ్గితే గానీ కొనరు, మరెక్కడ ఆరబోస్తాడు? రైతు ఇంట్లో పుట్టినదాన్ని, ఆ తప్పు రైతుది అనలేను. కానీ ధాన్యం మీదికి టైరు ఎక్కితే బ్రేకు పట్టదు, గింజలు కింద దొర్లిపోయి బండి పక్కకి జారిపోతుంది. రాత్రయితే ఇంకా ప్రమాదం. ధాన్యం మీద నల్లటి బరకం కప్పి, అది ఎగరకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. లైటు వెలుతురులో బరకమూ తారూ ఒకే రంగు, రాయి దగ్గరికొచ్చేదాకా కనబడదు. రైతులకీ ఒక మాట: ఆ చివరి రాళ్ళకి కాస్త సున్నం రాయండి బాబూ, లేదా తెల్ల సంచి కట్టండి. పైసా ఖర్చు లేదు.

భీమవరం, ఆకివీడు వైపు వెళ్తే ఇంకో బెడద. చేపల లారీల్లోంచి ఐసు కరిగిన నీళ్ళు రోడ్డంతా కారుతూ పోతాయి. ఆ నీళ్ళలో జిడ్డుంటుంది. మలుపులో ఆ తడి మీద బండి వాల్చితే ఇద్దరూ కిందే. గోదావరి ర్యాంపుల దగ్గర ఇసుక లారీలు రాల్చిన ఇసుకదీ అదే తీరు. ఇలాంటి చోట్ల వెనకవాళ్ళు చెయ్యాల్సిన పని ఒకటే, కదలకుండా కూర్చోవడం. ఆయన ఎటు వాలితే నువ్వూ అటే వాలాలి. భయపడి రెండోవైపుకి ఒరిగితే బండి చెప్పినమాట వినదు.

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన మీద వెళ్తే నది మీది గాలి పక్కనుంచి కొడుతుంది, అతుకుల దగ్గర బండి ఎగురుతుంది. సెల్ఫీ కోసం అక్కడ వెనక్కి తిరిగి చెయ్యి చాచే అమ్మాయిల్ని చూస్తే నాకు గుండె దడ. ధవళేశ్వరం బ్యారేజీ మీదా ఇదే తంతు. ఫొటో కావాలంటే అవతలికి చేరాక బండి పక్కన ఆపి తీసుకోండర్రా, గోదారి ఎక్కడికీ పోదు!

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు మీద దాటేటప్పుడు వెనక మనిషి ముందే దిగి నడిచి ఎక్కాలి. రేవులో ఏటవాలు, ఒండ్రు తడి, పంటుకీ గట్టుకీ మధ్య చెక్కలు. వాటి మీద ఇద్దరితో బండి ఎక్కించడం ధైర్యం కాదు, తొందర. పంటు మీద కూడా బండికి స్టాండు వేసి దిగి నిలబడాలి, పిల్లాణ్ణి సీటు మీద వదిలేసి కబుర్లలో పడకూడదు.

ఇక నడిపేవాళ్ళ పని. నువ్వు స్కూటీ మీద అత్తగారిని ఎక్కించుకుని బ్యాంకుకి వెళ్తావు చూడు, ఇది నీకు కూడా. ఇద్దరెక్కితే వెనక టైరులో గాలి ఎక్కువుండాలి. ఒక్కరికెంత, ఇద్దరికెంత అని బండి మీద స్టిక్కరుంటుంది, బుక్కులోనూ ఉంటుంది. పెట్రోలు బంకులో గాలి పట్టేవాణ్ణి 'మామూలుగా వెయ్' అనకుండా ఆ అంకె చెప్పి కొట్టించుకో. వెనక బరువు పెరిగితే హెడ్‌లైటు ముక్కు పైకెత్తి ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతుంది, మన ముందున్న గొయ్యి మాత్రం చీకట్లోనే ఉంటుంది. కాబట్టి లైటు కాస్త కిందికి దించుకోవాలి. బండి ఆగడానికి కూడా ఎక్కువ దూరం పడుతుంది, ముందు వెళ్ళే ట్రాక్టరుకి దగ్గరగా పోకూడదు. చాలా ట్రాక్టరు తొట్లకి వెనక లైటే ఉండదని మళ్ళీ చెప్పాలా?

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎడమవైపే. రోడ్డు వైపు కుడి, అటు దిగితే వెనకొచ్చే బండి కిందే. పైగా చాలా బండ్లకి సైలెన్సరు కుడివైపు ఉంటుంది, పిక్క కాలిన మచ్చ ఉన్న ఆడపిల్లలు ఎంతమందో! ఆయన రెండు కాళ్ళూ నేల మీద ఆనించి 'ఊఁ' అన్నాకే ఎక్కాలి. పూర్తిగా ఆగకముందే దూకేయడం హుషారు కాదమ్మా.

పిల్లల దగ్గరికొస్తే నాకే మనసు రెండుగా చీలుతుంది. అమ్మ, నాన్న, మధ్యలో పిల్ల, ట్యాంకు మీద పిల్లాడు. శనివారం వస్తే వాడపల్లి వెంకన్న దర్శనానికి బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా ఇలాంటి బండ్లు బారులు తీరుతాయి. ఏడు శనివారాల మొక్కు, మానలేం. చట్టం మాత్రం ఒక్క మనిషినే వెనక ఎక్కించుకోమంటుంది, ముందు ట్యాంకు మీద ఎవర్నీ ఒప్పుకోదు. 2023లో కేరళలో రోడ్ల మీద కెమెరాలు పెట్టినప్పుడు అక్కడి అమ్మానాన్నలు ఇదే గోల పెట్టారు, ఒక్క పిల్లాడికైనా సడలింపు ఇవ్వమని ఆ ప్రభుత్వం కేంద్రాన్ని అడిగింది. కేంద్రం ఒప్పుకోలేదు. కారు కొనలేని ఇంటికి బండే కారు, ఆ బాధ ఢిల్లీలో రాసే నియమాలకి తెలియదు. కానీ ట్యాంకు మీద కూర్చున్న పిల్లాడికి బండి ఆగిన క్షణంలో ముందున్నది ఇనప హ్యాండిలే. ఆ సంగతి ఎవరి బాధనీ బట్టి మారదు.

చంటిపిల్లలకి వేరే నియమం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్తే నడిపేవారి ఒంటికి కట్టే పట్టీల జాకెట్టు, పిల్ల తలకి సరిపోయే చిన్న హెల్మెట్ ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. మన వైపు ఆ పట్టీల జాకెట్టు కట్టినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. చుట్టాలు బారసాలకి వెండి గ్లాసులు ఇచ్చే బదులు ఇది ఇస్తే ఎంత బావుణ్ణు!

వాడపల్లి మొక్కుకి వేరే దారి ఉందిలే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మనకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు కదా. నువ్వూ పిల్లలూ రావులపాలెం దాకా బస్సులో రండి, మరిదిగారిని బండి మీద ఒక్కర్నే రమ్మను. గుడి దగ్గర కలుసుకోండి. ఆయనకీ కాస్త స్వేచ్ఛ, నీకూ కాస్త కునుకు.

పదో తరగతి పాసయ్యాడని కొడుక్కి బండి తాళం ఇచ్చి 'నానమ్మని గుడికి దింపి రా' అనే ఇళ్ళు చాలా ఉన్నాయి. గేర్ల బండికి 18 నిండాలి. ఈలోపు పట్టుబడితే 199ఎ సెక్షన్ కింద కేసు పిల్లాడి మీద కన్నా ముందు తండ్రి మీదో బండి యజమాని మీదో పడుతుంది. 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు కూడా ఉండొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, కుర్రాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. నానమ్మ ఆటోలో వెళ్తే పోయేది పాతిక రూపాయలు.

సంక్రాంతి ముచ్చట కూడా చెప్పి తీరాలి. కోడిపందేల బరుల నుంచి బావలూ బామ్మర్దులూ తూలుతూ వస్తారు. అత్తారింటి నుంచి ఆ రాత్రే బయల్దేరదాం అంటే, చెల్లాయ్, ఎక్కకు. నలుగురిలో గొడవెందుకని నోరు మూసుకుని ఎక్కేవాళ్ళం మనం. 'అమ్మ ఉండమంది, పొద్దున్నే వెళ్దాం' అని ఒక్క అబద్ధం ఆడు, పుణ్యమే. 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారికే 10,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నీ భయం ఆ జరిమానా గురించి కాదని నాకు తెలుసు. ఆయనకి చెప్పేటప్పుడు మాత్రం జరిమానానే చెప్పు. మగవాళ్ళకి కొన్ని లెక్కలు త్వరగా ఎక్కుతాయి.

ఇక బండి కదులుతున్నప్పుడు ఆయనతో ఎలా చెప్పాలో. 'అబ్బా, చంపేస్తారా ఏంటి' అని అరిస్తే రోషం పెరిగి ఇంకాస్త తొక్కుతారు. బయల్దేరే ముందే ఇంటి దగ్గర ఒప్పందం చేసుకోండి. భుజం మీద ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే పక్కకి ఆపు. ఫోను మోగితే తీసేది వెనకవాళ్ళే. ఆయన జేబులోది నీ చేతికివ్వమను. ఆ ఫోనులో ఎవరి పేరు పడుతుందోనని కంగారు పడే మొగుళ్ళ సంగతి వేరే ముచ్చటలో చూద్దాం!

ఎవరైనా పడిపోయి కనబడితే ఆగు. పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం పాతది. సాయం చేసినవాళ్ళని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019 సవరణలో అది 134ఎ సెక్షన్‌గా చట్టంలోకే ఎక్కింది. 108కి ఫోన్ చెయ్. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగేయకు. మెడ ఎముక దెబ్బ తిని ఉంటే ఆ లాగుడుకే ప్రమాదం. నీళ్ళు తాగించాలని ఆత్రపడకు. గుంపు గాలి ఆడనివ్వకపోతే చెదరగొట్టు, ఆ పని మన గొంతులకి బాగా వచ్చు.

చివరికి డబ్బు ముచ్చట, ఇదే ఎవరూ మనకి చెప్పనిది. బండికి బీమా ఉందిగా అంటారు. ఏ బీమా? ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే, లారీ వచ్చి గుద్దినప్పుడు ఆ లారీ బీమా నీకు వర్తిస్తుంది. కానీ ఆయనే గోతిలో దించి నువ్వు పడిపోతే మీ బండి బీమా నీకు పైసా ఇవ్వక్కర్లేదు. వెనక ఊరికే కూర్చున్న మనిషి ఆ పాలసీలోకి రాదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. పాలసీ కాగితం మీద కనబడే 15 లక్షల ప్రమాద బీమా బండి యజమాని నడుపుతున్నప్పుడు ఆయనకే. ప్యాకేజీ పాలసీ, అంటే కాంప్రిహెన్సివ్ తీసుకుంటే వెనక మనిషికీ వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. పైన కొంచెం కడితే వెనక సీటుకి విడిగా ప్రమాద బీమా కూడా ఇస్తారు.

మనకెందుకమ్మా అంత విలువ, సంపాదించేది ఆయన కదా అనే పిచ్చితల్లులున్నారు. 2014లో ఢిల్లీలో మోటారు సైకిలు మీద వెళ్తున్న భార్యాభర్తల్ని కారు గుద్దింది. ఇద్దరూ పోయారు, చిన్నపిల్లలు మిగిలారు. ఆమె గృహిణి. ఆ కేసు సుప్రీంకోర్టుకి వచ్చినప్పుడు 2021 జనవరి 5న ఇచ్చిన తీర్పులో, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ ఇంటిపని విలువ గురించి విడిగా రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షలు. 2019 సర్వే ప్రకారం రోజుకి మనం జీతం లేని ఇంటిపనికి పెట్టిన సమయం 299 నిమిషాలు, వాళ్ళది 97. ఇవన్నీ ఎత్తి చూపి, గృహిణి పనికి ఆదాయం కట్టి లెక్క వేయాలని ఆయన అన్నారు. ఆ తీర్పు నడిచింది ఒక బండి వెనక కూర్చున్న ఆడమనిషి గురించేనమ్మా.

కాబట్టి బీరువాలో పట్టుచీరల కింద పెట్టిన ఆ పాలసీ కాగితం బయటికి తియ్. చిన్న అక్షరాలైనా కళ్ళజోడు పెట్టుకుని చదువు. పైన 'లయబిలిటీ ఓన్లీ' అని ఉందా, 'ప్యాకేజీ' అని ఉందా చూడు, 'పిలియన్' అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతుకు. గడువు ఏ నెలతో అయిపోతుందో క్యాలెండరు మీద రాసిపెట్టు. రెన్యువల్ కట్టడానికి మరిదిగారు వెళ్ళిన రోజున నువ్వూ వెంట వెళ్ళు. వెళ్ళేది బండి మీదేగా, దారిలో నీ తలకి సరిపోయే హెల్మెట్ కూడా కొనుక్కుని పోవచ్చు.